సగం గీసిన గడ్డం

ఆ వీధి సెలూన్‌లో రెండు కుర్చీలు. కిటికీ పక్క కుర్చీ పెద్దకత్తిది, తలుపు పక్క కుర్చీ చిన్నకత్తిది. వీధి పెట్టిన పేర్లే అవి. వరసకు బావాబామ్మర్దులు, పెద్దకత్తి పెళ్ళాం చిన్నకత్తికి తోడబుట్టిన అక్క. సోమవారం షాపుకు సెలవు. ఆ పొద్దున షట్టరు సగం దించుకుని ఒకరి గడ్డం ఒకరు గీసుకోవడం వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు.

అలాంటిది మూడు సోమవారాలుగా పెద్దకత్తి కుర్చీ ఎక్కలేదు. గడ్డం గుబురుగా పెరిగింది.

"గడ్డాలు గీసేవాడికే ఇంత గడ్డముంటే మన షాపుకు ఎవడొస్తాడు బావా?" అని దెప్పాడు చిన్నకత్తి.

"పెంచితే ఎలా ఉంటుందో చూద్దామని."

"చూశాంగా. బాలేదు."

ఆ గడ్డం వెనక దాగిన సంగతి వేరే ఉంది. ఏడాదిగా రెండు చెవుల కిందా, దవడ మూలల్లో మెత్తటి వాపు. నొప్పి లేదు. అక్క వంటంతా బావ బుగ్గలకే పడుతోందని చిన్నకత్తి నవ్వేవాడు. ఎంతమంది దవడలు తడిమి, "ఇక్కడేదో తగులుతోంది, డాక్టరుకు చూపించుకోండి" అని చెప్పిందో పెద్దకత్తి చెయ్యి! తన దవడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గవదబిళ్ళలేలే అని సర్దుకుంది.

వాపు పెరిగాక ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. లాలాజలం ఊరే గ్రంథుల్లో, రెండు వైపులా నీటితిత్తులు. "ఇలా రెండు పక్కలా వస్తే ఒక్కోసారి వెనక హెచ్‌ఐవి ఉంటుంది. రక్తం చూద్దాం" అంది. చూశారు. ఉంది. పెళ్ళికి ముందు వేరే ఊళ్ళో పని నేర్చుకునే రోజులు గుర్తొచ్చి అతను తల దించుకున్నాడు.

"రోజూ మాత్రలు వేసుకుంటే నిండుగా బతుకుతావు, ఈ వాపూ తగ్గొచ్చు. నీ చెయ్యి తగిలితే ఎవరికీ రాదు, షాపు మానక్కర్లేదు. కానీ నీ భార్యను వెంటనే తీసుకురా" అంది డాక్టరమ్మ.

వెంటనే అన్న మాటకు మూడు వారాలు నిండాయి. నాలుగో సోమవారం పొద్దున భార్య నీళ్ళబిందె దింపి, గోడకు ఆనుకుని నిలబడింది. "రెండు రోజులుగా నలతగా ఉందయ్యా. ఏం లేదులే, అలసట" అంది. పెద్దకత్తి కంచం పక్కకు జరిపాడు. లేచి తిన్నగా షాపుకెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మయ్య, బుద్ధొచ్చింది" అంటూ చిన్నకత్తి కత్తికి కొత్త బ్లేడు వేసి, నురగ పట్టించి, కుడి పక్క మొదలుపెట్టాడు. బుగ్గంతా దిగి చెవి కిందికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి.

"బావా, ఏంటిది? ఇది కొవ్వు కాదు."

"ఆ పక్కా ఉంది. కత్తి పక్కన పెట్టు, చెబుతా."

చెప్పాడు. అద్దంలోకి చూస్తూనే చెప్పాడు, వెనక్కి తిరిగే ధైర్యం లేక.

చిన్నకత్తి కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు. "అక్కకు తెలుసా?"

"లేదు."

"నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు. నలుగురికీ తెలిస్తే మన కుర్చీల్లో ఎవరూ కూర్చోరని..."

"కుర్చీల సంగతి నేనడిగానా?"

బ్లేడు తీసి డబ్బాలో పడేశాడు. తువాలు విప్పి మడతపెట్టాడు.

"మిగతా సగం?" అన్నాడు పెద్దకత్తి.

"ఇలాగే ఇంటికి పద. మొత్తం గీస్తే బాగుందని అక్క మురిసిపోతుంది, పెరగనిస్తే మళ్ళీ గడ్డం వెనక దాక్కుంటావు. ఇలా వెళ్తే అడక్క మానదు. అడిగితే నువ్వు చెప్పాలి."

ఒక చెంప నున్నగా, ఒక చెంప అడవిలా పెద్దకత్తి పట్టపగలు వీధిలో నడిచాడు. ఇస్త్రీబండి దగ్గర నుంచి "మధ్యలో సబ్బు అయిపోయిందా పెద్దకత్తీ?" అని కేక వినిపించింది. అతను తలెత్తలేదు. నాలుగడుగుల వెనక బామ్మర్ది చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

భార్య తడిబట్టలు పిండుతోంది. చూసి పక్కున నవ్వింది.

"ఏమయ్యా, మా తమ్ముడితో పోట్లాడావా?" అంటూ, చెవి దగ్గర మిగిలిన నురగను కొంగుతో తుడవబోయింది. వాపు మీద ఆమె వేళ్ళు ఆగాయి. "ఇదేంటి, ఇంత పెరిగిందా?"

"కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి."

ఆమె కూర్చుంది. నవ్వు ఇంకా మొహాన్నే ఉంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. రెండో మాటకే ఆ నవ్వు పోయింది. గుమ్మం బయట తమ్ముడు, చెప్పులు విప్పకుండా, అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నిలబడి ఉన్నాడు.