గుట్ట దారిలో మాటల్లేని నడక

జూన్ రెండో ఆదివారం, ఉదయం ఆరుంబావు. చంద్రగిరి కోట వెనక గుట్ట దారి. హాజరైనవారు: నేను, నా భార్య, పలమనేరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు.

డైరీలో ఆ పేజీ అలా మొదలవుతుంది. కింద ఎప్పటిలాగే నియమం: ఎక్కేటప్పుడు మాట్లాడరాదు. రిటైరైన ఏడాది నేనే పెట్టాను. ఆయాసం రాదని చెప్పేవాణ్ణి. "నా నోరు మూయించేదానికే" అనేది నా భార్య.

ఆ రోజూ చెప్పుల చప్పుడు కూడా రానీయకుండా నడుస్తున్నాం. ఈత పొదల దగ్గర మలుపు తిరగ్గానే, ముప్పై అడుగుల్లో ఒక ఎలుగుబంటి చెదపుట్టలో మూతి పెట్టి ఉంది. వీపు మీద పిల్ల.

బావమరిది వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. మోకాలి ఆపరేషనై ఏడాది కాలేదు. పరుగెత్తితే పడతాడు, పడితే అది మీదికొస్తుంది. అతని చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"వదులు బావా, చెట్టెక్కుతా!"

"నీ మోకాలికి చెట్టొకటి తక్కువ," అంది నా భార్య మెల్లగా. "నాయన చెప్పింది మరిచిపోయినావా? పరిగెత్తితే తరుముతాది, చెట్టెక్కితే అదీ ఎక్కుతాది. ఈడే నిలబడు." తర్వాత అదే గొంతుతో ఎలుగును పలకరించింది. "మేం పోతాండామమ్మా. నువ్వూ నీ బిడ్డా నిదానంగా తినండి."

ముగ్గురం భుజాలు ఆనించుకొని, దానికి వీపు చూపకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాం. ఎలుగు రెండు కాళ్ల మీద లేచి వాసన చూసింది. పదకొండు అడుగులు లెక్కపెట్టాను. పన్నెండోదానికి అది కిందికి వాలి, పిల్లను మోసుకుంటూ పొదల్లోకి పోయింది.

గుట్ట కింద అటవీశాఖ కావలి మనిషి అంతా విని తల పట్టుకున్నాడు.

"మాట్లాడుకుంటా పోవల్ల సార్! అలికిడైతే అదే తప్పుకుంటాది. బిడ్డతల్లి ముందర దొంగల మాదిరి గమ్మున పోయి నిలబడితే, అది మాత్రం ఏం చేస్తాది?"

"ఆ దొంగలకు నాయకుడు ఈయనే," అంది నా భార్య.

మరుసటి ఉదయం నియమాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. గుట్ట దారి మాని, కోట ముందరి వెడల్పు బాట పట్టాం. మా పెళ్లి పందిట్లో మా అక్క అన్న మాటతో మొదలుపెట్టింది నా భార్య. నలభై నిమిషాలు నడిచినా మా పెద్దవాడి బారసాల దాకానే వచ్చింది. దారిలో నెమలి కూడా కనబడలేదు.

వెనక నుంచి బావమరిది అంటూనే ఉన్నాడు. "ఇంకా గట్టిగా చెప్పక్కా, ఇంకా గట్టిగా!"