ఎత్తు తప్పిన సన్మానం

గౌరవం ఎంత ఎత్తులో జరిగితే అంత గొప్పదనుకున్న తెలివితక్కువవాణ్ణి నేను. దివ్యాంగుల అంతర్జాతీయ ఆటల పోటీలు నడిపించే విమలగారు సొంతూరు బందరు వస్తున్నారని, ఆ ఊళ్లోనే చిలకలపూడిలో ఉన్న మా కాలనీ సంఘం సన్మానం తలపెట్టింది. మాస్టారిని కదా అని ఏర్పాట్లు నాకప్పగించారు. వెనక వరుసకూ కనబడాలని వేదికను మనిషి నడుమంత ఎత్తున వేయించాను. ఆవిడ చక్రాల కుర్చీ మెట్ల ముందు ఆగేదాకా నా బుర్రకు తట్టలేదు.

"దాందేముందండీ, నలుగురం కలిసి కుర్చీతో సహా ఎత్తేస్తాం," అన్నారు మా అధ్యక్షులు సుబ్బారావుగారు.

"వద్దండీ. మమ్మల్ని ఎవరూ ఎత్తక్కర్లేకుండా చూడటమే నా ఉద్యోగం. ఏ దేశమెళ్లినా ఈ మెట్ల గురించే పోట్లాడతాను. ఇక్కడ మా అమ్మ చూస్తుండగా మూటలా పైకెక్కమంటారా?" అన్నారావిడ.

ముందు వరుసలో వాళ్లమ్మగారు కళ్లొత్తుకున్నారు. సిగ్గుతో నేను దూరడానికి వేదిక కింద మాత్రం బోలెడు చోటుంది.

సుబ్బారావుగారు తాను మాత్రం పైకెక్కి, "మా మాస్టారికి బుర్ర తక్కువ లెండి," అంటూ మైకులో ఉపన్యాసం మొదలెట్టారు. అది నిజం కావడంతో నాకు ఉక్రోషం మరీ పెరిగింది. గబగబా మెట్లెక్కి, ఆయన చేతిలోని మైకు లాక్కుని, కిందికి తెచ్చి విమలగారికిచ్చాను. జనమంతా కుర్చీలు ఆవిడ వైపు తిప్పుకున్నారు. శాలువా పట్టుకుని అధ్యక్షులవారు అంత ఎత్తునా ఒక్కరే మిగిలారు.