గంగన్న ఎంచిన సెట్టర్

ఫ్లాస్కు మూత తిప్పగానే అల్లం వాసన ముఖానికి కొట్టింది. శుక్రవారం సాయంత్రం, కువైట్‌లోని అర్దియాలో మా కార్పెంటరీ వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలం. ఒకడు పైపు పట్టుకొని ఇసుక మీద నీళ్ళు చల్లుతున్నాడు, ఇద్దరు వాలీబాల్ నెట్ బిగిస్తున్నారు. అల్లం వాసన, తడి ఇసుక వాసన కలిసి వస్తే చాలు, నాకు గంగన్న గుర్తొస్తాడు. నాకే కాదు, మా లింబాద్రికి కూడా గుర్తొస్తాడు. కాకపోతే వాడికి తిట్టడానికి గుర్తొస్తాడు.

"అరే మల్లేశ్, ఎవడేమన్న అననీ. ఆనాడు గంగన్న మొదటి నుంచే నిన్ను ఆటల దించుంటే కప్పు మనకే ఒస్తుండె" అన్నాడు లింబాద్రి, గ్లాసు అందుకుంటూ. ఏడేళ్ళుగా ప్రతి శుక్రవారం వింటున్న మాటే ఇది. ఏడేళ్ళుగా నేను నవ్వి ఊరుకుంటున్నాను. ఆ నవ్వు వెనక సంగతి ఇప్పుడు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మీకు గంగన్నను చూపించాలి.

గంగన్న అసలు పేరు గంగారాం, ఆయనదీ మా జగిత్యాల వైపే. నేను కువైట్‌కు వచ్చేనాటికే ఆయన ఈ వర్క్‌షాపులో పెద్ద మేస్త్రి. సన్నటి మనిషి, చెవిమీద పెన్సిల్, కనుబొమ్మల నిండా రంపపు పొట్టు. మొదటి రోజు నాకు చిత్రిక ఇచ్చి ఒక పలక నున్నగా చేయమన్నాడు. నేను బలమంతా పెట్టి తోశాను. పలక మీద గుంటలు పడ్డాయి. ఆయన వచ్చి నా చేతుల మీద తన చేతులు వేసి, "కొట్లాట పెట్టుకోకురా, కట్టె ఎటు పొమ్మంటదో అటు పో" అన్నాడు. నేను తిక్కమనిషిని. ఎవరైనా ఒక మాట అంటే పది మాటలు అప్పజెప్పే రకం. అలాంటివాణ్ణి ఆ రోజు నోరు మూసుకొని విన్నాను. తలుపు బిగించడం, గొళ్ళెం పెట్టడం, మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ముందు గొంతు లేపకుండా మాట్లాడడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వాలీబాల్ కూడా.

ఆయన మా జట్టుకు కోచ్. కోచ్ అంటే టోపీ, ఈల ఏమీ లేవు. పాత ప్లైవుడ్ షీటు మీద కూర్చొని చూసేవాడు, అంతే. నన్ను సెట్టర్‌ను చేసింది ఆయనే. ఆట తెలియనివాళ్ళకు చెబుతున్నాను: అవతలివాళ్ళ బంతిని ఒకడు కాస్తే, రెండోవాడు దాన్ని వేళ్ళతో అందంగా గాల్లోకి లేపుతాడు, మూడోవాడు ఎగిరి కొడతాడు. ఆ రెండోవాడే సెట్టర్. చప్పట్లు బంతి కొట్టినవాడికి, తిట్లు లేపినవాడికి. ఐనా సరే, ఎవరు కొట్టాలో తేల్చేది సెట్టరే. ఆ పెత్తనం నాకు బాగా నచ్చింది. వర్క్‌షాపు గోడకేసి రోజూ పనయ్యాక బంతి కొట్టీ కొట్టీ వేళ్ళు గట్టిపడ్డాయి. చుట్టుపక్కల అంత బాగా బంతి లేపేవాడు లేడని నా గట్టి నమ్మకం. నిజం కూడా కావచ్చు.

గంగన్న పెట్టిన ఒక్క నియమం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆటకు ముందు అందరికీ చాయ్ సెట్టరే కాచాలి, సెట్టరే పోయాలి. "ఆటలో బుర్రంతా నాది, మళ్ళీ చాయ్ కూడా నేనే పొయ్యాల్నా?" అని లోపల్లోపల గొణుక్కునేవాణ్ణి. నాలుగు వారాలు కాచి, తర్వాత మలబారీ హోటల్‌లో ఫ్లాస్కు నింపించి తెచ్చి అక్కడ పడేయడం మొదలుపెట్టాను. ఎవరిది వాళ్ళే పోసుకునేవాళ్ళు. గంగన్న చూశాడు, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టేనని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఓబులేసు వచ్చాడు. కడప జిల్లావాడు. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో వంటా, డ్రైవింగూ రెండూ చేసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు సెలవిస్తే, అన్నమయ్య జిల్లా నుంచి వచ్చిన తన దోస్తు రెడ్డెప్పను వెంటేసుకొని ఆటకు వచ్చేవాడు. రెడ్డెప్ప నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు, ఎడమచేతివాటం, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఓబులేసు కూడా సెట్టరే. నా అంత వాటం లేదు, బంతి కొంచెం వణుకుతూ లేచేది. కానీ చాయ్ మాత్రం మళ్ళీ పొయ్యి మీద కాగడం మొదలైంది. వంటవాడు కదా, చాయ్ కాచక ఏం చేస్తాడులే అని నేను వెక్కిరించాను.

అలాంటి రోజుల్లో, ఇక్కడ ఉండే పర్మిట్ గడువు దగ్గరపడుతుంటే, గంగన్న తన నిర్ణయం చెప్పాడు. "ఇగ ఇఖామా కొట్టించుకోను. ఖలాస్. మోకాళ్ళు మొత్తుకుంటున్నయి, ఇంటికి పోత." ప్రయాణం ఆదివారం. అంతకు రెండు రోజుల ముందు శుక్రవారం మంగాఫ్ జట్టుతో ఫైనల్. గోదావరి కుర్రాళ్ళ జట్టు అది, మాకంటే పొడుగు, మాకంటే పొగరు. గంగన్న చివరి మ్యాచ్‌లో నేనే సెట్టర్‌గా ఆడాలని, ఆయన వెళ్ళిపోతూ "వీడు నా శిష్యుడు" అని నలుగురి ముందు అనాలని నాకు ఎంత ఆశో చెప్పలేను. అంతకు వారం ముందు ఓబులేసు చిటికెన వేలు కారు తలుపులో పడి బెణికింది. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ వార్త వినగానే నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది.

గురువారం గంగన్న ఆరుగురి పేర్లు చదివాడు. సెట్టర్ ఓబులేసు.

ఆ సాయంత్రం బ్నీద్ అల్ గార్‌లో మా గదిలో అన్నం ఎవరికీ గుర్తులేదు. లింబాద్రి మంచం మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"సెట్టర్‌కు ఏళ్ళే గదరా పానం! ఏలు ఇరిగినోణ్ణి దించుడేంది? వయసు మీద పడి గంగన్నకు మతి పోయింది!"

"ఇరగలే, బెణికింది. డాక్టరు ఆడొచ్చన్నడట" అన్నారెవరో.

"బెణికితేంది, ఇరిగితేంది! మనోణ్ణి ఇడిసిపెట్టి కడపోణ్ణి ఎక్కించిండు. పోయేటోడు పోతడు, ఓడేది మనం."

"పోయేటాయన గాబట్టే మొగమాటం లేకుండ ఎంచిండు కావొచ్చు" అన్నాడు వంట చేసే పెద్దాయన, గంటె తిప్పుతూ. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను ముఖం మాడ్చుకొని గోడవైపు తిరిగి పడుకున్నాను. వాళ్ళు నా తరఫున అరుస్తుంటే చెవులకు మాత్రం హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆగలేక వర్క్‌షాపుకు పోయాను. సెలవు రోజైనా గంగన్న ఒక్కడే చివరి తలుపును చిత్రిక పడుతున్నాడు.

"అన్నా, నేనేం తక్కువ చేసిన?" అన్నాను.

ఆయన చెయ్యి ఆపలేదు. "రెడ్డెప్ప చాయ్ ఎట్ల తాగుతడు?"

"నాకేం ఎరుక? అందరు తాగినట్టే తాగుతడు."

"ఊఁ" అన్నాడు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మ్యాచ్ గురించి అడిగితే ఈ మనిషి చాయ్ గురించి మాట్లాడతాడేమిటి! లింబాద్రి అన్నట్టు మతి పోయిందేమోనని నేనూ అనుకున్నాను.

ఆటకు ముందు గంగన్న తన చేత్తోనే ఓబులేసు చిటికెన వేలిని పక్క వేలితో కలిపి ప్లాస్టరు చుట్టాడు. "నొస్తే చెయ్యి లేపు. మొండికేస్తే మంచిగుండది" అన్నాడు. "అట్లనేలేన్నా, నాకేం గాదు" అన్నాడు ఓబులేసు. నేను ప్లైవుడ్ షీటు అంచున కూర్చున్నాను. బయట కూర్చొని మా జట్టు ఆట చూడడం నాకదే మొదటిసారి. మొదటి సెట్ పోయింది. రెండోది గెలిచాం. ఓబులేసు లేపిన బంతులు అప్పుడూ వణుకుతూనే ఉన్నాయి. కానీ లింబాద్రికి ఎత్తుగా, రెడ్డెప్పకు తక్కువ ఎత్తులో, ఇంకొకడికి కాస్త దూరంగా, ఎవడికి కావలసినట్టు వాడికి పడుతున్నాయి. అవతలివాళ్ళకు ఎవరికి అడ్డుపడాలో తోచడం లేదు. ఎనిమిది నెలలుగా మాతో ఆడుతున్న రెడ్డెప్ప అంత గట్టిగా కొట్టగలడని నాకు ఆ రోజే తెలిసింది. వాడికి నేను బంతి ఎప్పుడిచ్చాను గనక!

మూడో సెట్ పదమూడు పదమూడు. పదిహేనుకు ఆట. బంతి వచ్చి సరిగ్గా ఆ వేలికే తగిలింది. ఓబులేసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క క్షణం తటపటాయించి, చెయ్యి లేపాడు. గంగన్న నావైపు చూశాడు. "పో. కొట్టేటోణ్ణి చూసి ఇయ్యి."

పోయాను. మొదటి బంతి రాగానే, అలవాటైన చేతులు కదా, లింబాద్రికి లేపాయి. అప్పటికే వాడి ముందు ఇద్దరు గోదావరి పొడుగుగాళ్ళు చేతులు చాచి నిలబడి ఉన్నారు. నేను ఎవరికిస్తానో నాకంటే ముందే వాళ్ళకు తెలుసు. బంతి తిరిగి మా కాళ్ళ దగ్గరే పడింది. వాళ్ళకు పద్నాలుగు. రెండో బంతి నా చేతుల్లోకి వస్తుండగా, ఎడమవైపు రెడ్డెప్ప కనిపించాడు, వాడి ముందు ఎవరూ లేరు. వాడికే ఇచ్చాను. ఎప్పుడూ లేపినట్టే ఎత్తుగా, అందంగా లేపాను. అంత అందమైన బంతి నా జన్మలో లేపలేదు. రెడ్డెప్ప ముందే ఎగిరిపోయాడు. బంతి ఇంకా పైనే ఉంది. వాడు కిందికి వస్తూ ఎలాగో తాకించాడు, నెట్‌లో పడింది. అయిపోయింది.

మంగాఫ్ వాళ్ళు కేకలు పెడుతుంటే నేను రెడ్డెప్ప దగ్గరికి పోయాను. "బంతి ఎట్ల గావాలె నీకు?" అని అడిగాను. వాడు చెమట తుడుచుకుంటూ, "కిందికి, బిరీన ఇయ్యాలన్నా. నేను పైకి ఎక్కువ ఎగరల్యాను" అన్నాడు. ఎనిమిది నెలల్లో మా ఇద్దరి మధ్య నడిచిన మొదటి పూర్తి మాట అదే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పొద్దున గంగన్న అట్టపెట్టెలకు తాడు కడుతుంటే రెండో కొస నేను పట్టుకున్నాను.

"అన్నా, రెడ్డెప్పకు బంతి కిందికి గావాల్నట. తొందరగ."

"అట్లనా. చాయ్?"

"చక్కెర లేకుండ. షుగరున్నదట."

గంగన్న తాడు వదిలేసి నవ్వాడు. "ఇగ సెట్టర్‌వైనవ్ రా. రెండు దినాలు ఆలస్యం, గంతే."

"మరి ఆఖరుకు నన్నెందుకు దించినవు? ఓబులేసే ఉంటే గెలుస్తుంటిమి."

"ఆ చెయ్యితోనే వాడు ఆ ఇంట్ల వంట చెయ్యాలె. కప్పు కోసం వాని ఏలు తీసుకుంటనారా?" అని, పెట్టె పక్కనున్న స్టీలు ఫ్లాస్కు నా చేతిలో పెట్టాడు. నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది, బాగానే ఏడ్చాను.

ఈ ఫ్లాస్కు అదే. సొట్టలు పడింది, మూత కొంచెం కారుతుంది. గంగన్న కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, వర్క్‌షాపులోనూ, ఇక్కడా. కొత్తవాడు ఎవరొచ్చినా ముందు చాయ్ ఎలా కావాలో అడుగుతాను, తర్వాత పని చెబుతాను. దీని వల్ల నా తిక్క పూర్తిగా పోయిందని చెప్పను, కానీ మా పని సాఫీగా సాగుతోంది, నేను సంతోషంగానే ఉన్నాను. ఒక్కటే ముల్లు. గంగన్న తప్పు చేశాడని వీళ్ళు వాదించుకుంటుంటే నేను ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. అలా అన్నప్పుడల్లా నేను గొప్పవాణ్ణవుతున్నాను కదా మరి.

ఇవాళ మాత్రం రెడ్డెప్పకు చక్కెర లేని చాయ్ పోస్తూ అనేశాను: "లింబాద్రీ, నన్ను మొదటి నుంచి దించుంటే మొదటి సెట్‌కే ఖలాస్ అయిపోతుంటిమి. అందరు కొట్టేటోళ్ళే, నేను నీకొక్కనికే ఇస్తుంటి. గంగన్న ఎంచిందే కరెక్టు. ఓడగొట్టింది నేను."

లింబాద్రి నోరెళ్ళబెట్టాడు. "ఏడేండ్ల సంది ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు పొగుడుతుంటే మంచిగుండె."

అందరూ పగలబడి నవ్వారు. లింబాద్రి మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "ఉత్తగనే ఆయనను ఇన్ని మాటలంటిని. ఫోను కలుపు" అన్నాడు. వీడియోలో గంగన్న ముఖం వచ్చింది. అప్పట్లో రంపపు పొట్టుతో తెల్లగా కనిపించే కనుబొమ్మలు ఇప్పుడు నిజంగానే నెరిశాయి.

"అన్నా, ఆనాడు నువ్వు ఓబులేసును దించిందే కరెక్టు! మల్లేశ్ ఒప్పుకున్నడు!" అని అరిచాడు లింబాద్రి.

"ఇంకా గదే లొల్లి పెట్టుకుంటున్నరార్రా?" అన్నాడు గంగన్న. కాసేపు మమ్మల్నందరినీ వెతుకుతున్నట్టు చూశాడు. "ఓబులేసున్నడా ఆడ? వాని ఏలు ఎట్లున్నది?"

నేను ఫోను తిప్పాను. ఓబులేసు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కొద్దిగా వంకర తేలిన ఆ చిటికెన వేలిని కెమెరా ముందు అటూ ఇటూ ఆడించి చూపించాడు.