మూడోసారి తీసిన వాగ్దానం

దేవునికి స్తోత్రం. నన్ను ఇంతకాలం భరించిన ఆయన ఓర్పుకు స్తోత్రం. ఆయన భరిస్తున్నాడు. నేనే భరించలేకపోతున్నాను. ఏళ్ల తరబడి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెబుతున్నాను. ఆ సాక్ష్యమే నా పాపం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో నేనూ రెడ్డెప్పా ఒకే బెంచి. అతనిది చౌడేపల్లె దగ్గర పల్లె, పాడి చేసుకునే ఇల్లు. ల్యాబులో నా రీడింగులు తప్పితే అతనే సరిచేసేవాడు. తొంభైల్లో, చదువు ముగించి ఇళ్లకు వచ్చేశాక, మా ప్రొఫెసరు మదనపల్లెలో మా ఇంటికి నా పేర ఉత్తరం రాశారు. పరిశోధనకు ఒక్క సీటు ఉంది, ఇద్దరూ ఇంటర్వ్యూకు రండి, రెడ్డెప్ప అడ్రసు నా దగ్గర లేదు, నువ్వే చెప్పు అని.

మా ఇంట్లో వాగ్దానాల డబ్బా ఉండేది. ఏ పనికైనా ముందు ప్రార్థించి, కళ్లు మూసుకుని, వాక్యం ఉన్న చీటీ ఒకటి తీసేవాళ్లం. తీశాను. పొరుగువానితో నిజమే చెప్పమని వచ్చింది. మళ్లీ డబ్బాలో వేశాను. రెండోసారి ఏదో ఓదార్పు. మూడోసారి, నీ ఎదుట తలుపు తెరిచి ఉంచానన్న వాక్యం. అది దేవుని మాట అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఆ తలుపులో ఇద్దరు పట్టరని తేల్చింది ఆయనా, నేనా?

ఇంటర్వ్యూ రోజు నా బస్సు పుంగనూరులో ఆగింది. బస్టాండులో పాల క్యాన్లు దించుతూ రెడ్డెప్ప. నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"యాడికప్పా, ఇస్త్రీ సొక్కాయి ఏసుకోని? పెండ్లిసూపులకా?"

"కుప్పంలో ప్రార్థన కూటాలుండాయి."

"సారు కాడి నుంచి కబురేమన్నా వచ్చిందా?"

"రాలేదప్పా."

"మీ దేవుడు నీ మాట వింటాడు గదా. నాకూ రీసెర్చి సీటు రావాలని ఒక మాట సెప్పు."

"సరే" అన్నాను.

సీటు నాకే వచ్చింది. డాక్టరేటూ వచ్చింది. రెడ్డెప్ప కుప్పంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పుకుంటూ ఉండిపోయాడు. కొన్నేళ్ల తర్వాత అక్కడ నిజంగానే కూటాలు జరిగాయి. దేవుడు నాకు పరిశోధన తలుపు ఎలా తెరిచాడో సాక్ష్యం చెప్పాను. నా పేరు విని వచ్చి, అతను చివరి వరుసలో కూర్చున్నాడు. అయిపోయాక నా చేయి పట్టుకున్నాడు. సారు తనను మరిచిపోయారని మాత్రం అన్నాడు. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. చేయి కూడా వెనక్కి తీసుకోలేదు.

క్షమాపణ దొరుకుతుందని ఇది రాయలేదు. రాశాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ రోజు అతను అడిగిన ప్రార్థన నేను చేయలేదు. దానికి ఇప్పుడు ఆలస్యమైందో కాలేదో నాకు తెలియదు. చదువుతున్న మీరు నాతో కలిసి రెడ్డెప్ప కోసం ఒక మాట చెప్పండి. నాలాగా సరే అని ఊరుకోకండి.