దీపాలు పెట్టాక అమ్మిన ఉప్పు

ఒక హంతకుడికి నేను కిలో ఉప్పు అమ్మాను. అమ్మలేదు కూడా. బరంపురంలో మా వీధివాళ్లు మాత్రం మొదటి మాటే నమ్మారు.

భువనేశ్వర్ నుంచి నలుగురు కుర్రాళ్లు కెమెరాతో దిగారు. గోపాలపూర్ తీరంలో ఒక మంత్రిని కుట్ర పన్ని చంపినట్టు, ఆ కుట్రను తాము తవ్వి తీస్తున్నట్టు సినిమా. మంత్రీ లేడు, హత్యా లేదు. కాని చూసేవాడికి నిజం డాక్యుమెంటరీలాగే ఉండాలట. అందుకే నటులొద్దు, కొట్లో కూర్చున్న అసలు షావుకారే సాక్షి కావాలన్నారు. నాకూ లోపల సరదాగానే ఉంది.

"హంతకుడు మీ కొట్లో ఏదో కొన్నాడని చెప్పండి, ఏదైనా సరే," అన్నాడు దర్శకుడు ఒరియాలో. ఎదురుగా హుమ్మ ఉప్పుమళ్ల నుంచి వచ్చిన ఉప్పు బస్తా ఉంది. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి, దీపం వెలిగించి, గొంతు తగ్గించి చెప్పాను: "దీపాలెట్టేసినాక ఒకడొచ్చినాడు. కిలో ఉప్పు తీసుకున్నాడు. గోపాలపూర్‌కి ఆఖరి బస్సు ఎప్పుడని అడిగినాడు." వాడి ఎడమచేతికి మాటల్లోనే ఒక ఉంగరం కూడా తొడిగాను. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంత నటుణ్ని పప్పులు తూస్తూ బతికేశానా అనుకున్నాను!

దీపాలు పెట్టాక మా కొట్లో ఉప్పు అమ్మం. లక్ష్మి గడప దాటిపోతుందని తాత అమ్మలేదు, నాన్న అమ్మలేదు, నేనూ అమ్మను. ఆ క్షణంలో ఆ సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

వీధిలో తెర కట్టి ఆ సినిమా వేశారు. ఇదంతా కల్పితమని చివర్లో అక్షరాలు పడేసరికి సగంమంది చాపలు దులుపుకుంటున్నారు. మర్నాడు టీకొట్టువాడు, "ఏ మంత్రి సచ్చిపోనాడు బాబూ?" అని అడిగితే పడీపడీ నవ్వాను.

అంతలో చేపలమ్మే అప్ప వచ్చింది. ఇరవై ఏళ్లుగా మా అరుగు మీదే గంప దించే మనిషి. ఆ రోజు దించలేదు.

"నా మనవరాలికి వాంతులూ విరేచనాలూ అయిననాడు, ఉప్పు నీళ్లు పట్టాల, గుప్పెడు ఉప్పు ఇయ్యి బాబూ అని వొచ్చినాను. దీపాలెట్టేసినాం, రేపు రా అప్పా అన్నావు. సంపేవోడికైతే ఇచ్చినావేటి?"

"అది ఉత్తుత్తి సినిమా అప్పా! నానెవులికీ అమ్మనేదు, ఒట్టు!"

"మరి నోటితోనైనా ఆడికిచ్చినావు కదా."

వెళ్లి ఎదురు కొట్టు అరుగు మీద గంప దించింది. ఏళ్ల కిందటి మాట అది; ఆనాడు ఎవరింట్లోనో ఉప్పు దొరికి పిల్ల బతికింది. నేను మర్నాడైనా ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మళ్లీ మా అరుగెక్కితే చాలనుకున్నాను.

మూడు రోజులు చూశాను. ఎక్కలేదు. మూడోనాటి సాయంత్రం అమ్మ దీపం పెట్టగానే కిలో ఉప్పు పొట్లం కట్టాను.

"ఏటిరా, ఈయేలప్పుడు ఉప్పు బయటికా?" అని అమ్మ కసిరింది. పొట్లం చంకన పెట్టుకుని గడప దాటాను.

అప్ప వాకిట్లో చేపల గంప కడుగుతోంది. మనవరాలు పక్కన నిలబడి నీళ్లు పోస్తోంది, ఎత్తుగా పెరిగింది. పొట్లం చాపాను. అప్ప కొంగుతో చేతులు తుడుచుకుంది గాని చెయ్యి చాపలేదు. గూట్లో వెలుగుతున్న దీపంకేసి ఒకసారి చూసి, కోపమేమీ లేకుండానే అంది:

"దీపాలెట్టేసినాం బాబూ. రేపు రా."