వెనక గదిలో చప్పట్లు

టైలరమ్మ కూతురు ఏ కొత్త గదిలోకి వెళ్ళినా ముందు కూర్చోదు. గోడవైపు తిరిగి గట్టిగా ఒక్క చప్పట కొట్టి, తల పక్కకు వంచి వింటుంది. చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి గది ఎంత పొడుగో, పైకప్పు ఎంత ఎత్తో చెప్పేస్తుంది. వీధి పిల్లలు ఆమెకు చప్పట్ల పిల్ల అని పేరు పెట్టారు. ఆమె పట్టించుకోలేదు. తల్లికి మాత్రం అది వింటే భయం.

ఎందుకంటే ఆ అలవాటు ఎవరూ నేర్పింది కాదు. ఆ పిల్ల పుట్టకముందే పోయిన మేనమామది.

టైలరమ్మ అన్న కూడా ఇలాగే గదులు వినేవాడు. తెలివైనవాడని అందరూ మెచ్చుకుని పెద్ద కాలేజీకి పంపారు. ఏడాది తిరక్కుండా వచ్చేశాడు. ఏం చేశార్రా అంటే, "ఎవరూ ఏమీ చెయ్యలేదు. నాతో ఎవరూ మాట్లాడలేదు, అంతే" అన్నాడు. ఆ తర్వాత ఇదే ఇంటి వెనక గదిలో తలుపేసుకుని ఉండుండి చప్పట కొట్టేవాడు. బదులు చప్పట కొడితే పిచ్చి ఇంకా ముదిరిపోతుందని వాళ్ళమ్మ అందర్నీ కట్టడి చేసింది. పోయేదాకా కొడుతూనే ఉన్నాడు. పోయాక కూడా, కుట్టు మిషన్ ఆపితే చాలు, టైలరమ్మకు ఆ చప్పట వినబడేది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అదే కాలేజీ కూతురికి సీటిస్తానంది.

"పిలిచి ఇస్తుంటే కాలదన్నుకుంటామా?" అన్నాడు భర్త.

"చూసొచ్చి చెప్తా."

ఆ పెద్ద కాలేజీలో నున్నటి నేల, అద్దాల తలుపులు. పొడవాటి వరండాలో పిల్ల చప్పట కొట్టింది. పోతున్నవాళ్ళు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని వెళ్ళిపోయారు. వెంట వచ్చిన గుమాస్తా, "ఎవర్నైనా పిలుస్తున్నావామ్మా?" అని జవాబు వినకుండానే ముందుకు నడిచాడు. టైలరమ్మకు అన్న మాట గుర్తొచ్చింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు.

మర్నాడు పిల్ల పట్టుబట్టి మరో కాలేజీకి లాక్కెళ్ళింది. చిన్నది, పెద్ద పేరేమీ లేదు. పెచ్చులూడిన గోడలు, మెట్ల కింద విరిగిన బెంచీలు.

"దీనికా ఇంత దూరం తిప్పావు?" అని తల్లి గొణుగుతుండగానే పిల్ల చప్పట కొట్టింది.

పై అంతస్తులోంచి ఎవరో బదులు కొట్టారు.

కళ్ళద్దాల అమ్మాయి ఒకతి పిట్టగోడ మీంచి తొంగిచూసింది. "అక్కడ కాదు, బెంచీల పక్కకెళ్ళు. రెండుసార్లు తిరిగొస్తుంది."

"రెండా? ఎదురుగా ఉన్నది ఒక్క గోడేగా?"

"అదే తేల్చుకోలేక చస్తున్నాం. మా సారైతే పైపు వల్ల అంటాడు. నమ్మకు."

"పైపయితే మోత సన్నగా రావాలి," అంది పిల్ల, అప్పుడే వాదనకు దిగిపోతూ.

ఇద్దరూ కలిసి కొట్టారు. తిరిగొచ్చిన చప్పుళ్ళలో రెండోది కాస్త ఆలస్యంగా, టైలరమ్మకు బాగా తెలిసిన చేతులు కొట్టినట్టే వచ్చింది. ఆమె బెంచీ అంచున కూర్చుంది.

"అమ్మా, విన్నావా?"

"విన్నాను. ఇక్కడే చేరు."

"మరి నాన్న?"

"మీ నాన్న సంగతి నేను చూసుకుంటాలే."

పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, చొక్కా కాలరు కుడుతూ టైలరమ్మ మిషన్ ఆపింది. ఖాళీగా ఉన్న వెనక గదిలో చప్పట వినబడింది. పేపరు చదువుతున్న భర్త తలెత్తలేదు.

ఆమె కత్తెర పక్కన పెట్టింది. మూసిన తలుపువైపు తిరిగి గట్టిగా ఒక్క చప్పట కొట్టింది.

"ఏంటే అది?" అన్నాడు భర్త.

ఆమె పెదాల మీద వేలు పెట్టుకుని, తల పక్కకు వంచి వింటోంది.