పుణ్యక్క రాసిన నలభై నిమిషాలు

పుణ్యవతి రాసింది మీరు చదివే ఉంటారు, పేరు మాత్రం ఎక్కడా చూసి ఉండరు. బీపీ చూసే మిషను కొన్నా, ఆవిరి పట్టే మిషను కొన్నా అట్టపెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంటుంది చూడండి, ఎలా వాడాలో చెప్పేది. అందులో తెలుగు పేజీలు రాసేది మా పుణ్యక్క. జనం దాన్ని విప్పకుండానే సొరుగులో పడేస్తారని తెలిసి కూడా ఒక్కో వాక్యం మీద అరగంట కూర్చునే మనిషి. ఇంత అవసరమా అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆఫీసులో ఎవరినడిగినా చెప్తారు.

మా ఆఫీసు మాదాపూర్‌లో, ఆరో అంతస్తులో. ఇళ్లలో వాడుకునే వైద్య యంత్రాలు తయారుచేసే కంపెనీ. రాయడం ఆవిడ పని, రాసింది చదివి సంతకం పెట్టడం నా పని. ఆవిడది ప్రొద్దుటూరు. అక్కడ బళ్లో తెలుగు చెప్పి చెప్పి, నలభై దాటాక ఈ ఉద్యోగంలోకి వచ్చింది. నిజాంపేట నుంచి రెండు ఆటోలు మారి అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. నాది నానక్‌రామ్‌గూడ, ఒక్క ఆటో దూరం. అయినా రోజూ నేనే ఆలస్యం.

పుస్తకం ప్రెస్సుకు వెళ్లాల్సిన రోజు ఆవిడ తతంగం చూసి తీరాలి. చెప్పులు టేబుల్ కింద విడిచేసి, చక్రాల కుర్చీలో బాసింపట్టు వేసుకుంటుంది. ఏసీ చలికి భుజాల మీద శాలువా. చేతి పక్కన స్టీలు డబ్బాలో బొరుగులు, వేయించిన పప్పులు. ఫ్లాస్కులో బెల్లం టీ. ఆఫీసు మిషను టీని ఆవిడ టీ అని ఒప్పుకోదు. ఒక వాక్యం కుదిరితే పిడికెడు బొరుగులు, పేజీ పూర్తయితే అర గ్లాసు టీ. రాసిన ప్రతి మాటా గుసగుసగా పైకి చదువుకుంటుంది.

"చదివేటోళ్లు కంగారులో చదువుతారు యశూ," అనేది. "కండ్లద్దాలు దొరకవు, చేతులు వణుకుతాంటాయి, పక్కన మంచం మీద మనిషి ఆయాసపడతాంటాడు. మనం ఒక మాట ఎక్కువ రాస్తే వాళ్లకు అది అడ్డం పడతాది."

ఇంకో అలవాటు ఉంది, దాని గురించే ఇదంతా చెబుతున్నాను. మా ఇంజినీర్లు అంకెలు వెంటనే చెప్పి చావరు. ఎన్ని నిమిషాలు, ఎన్ని గంటలు అని అడిగితే రేపిస్తామంటారు. ఖాళీ వదిలితే పేజీల లెక్క చెడుతుందని పుణ్యక్క అప్పటికి పాత యంత్రం పుస్తకంలోని అంకె వేసి, దాని మీద పసుపు రంగు పూసి పెట్టేది. పసుపు ఉందంటే ఇంకా తేలలేదని అర్థం. నేనూ పసుపు కనిపించిన పేజీ మీద సంతకం పెట్టేదాన్ని కాదు. ఏడేళ్లు అదే పద్ధతిలో నడిచాం, ఒక్క తప్పు పోలేదు.

మొన్న జూన్‌లో ఆక్సిజన్ యంత్రం పుస్తకం రెండోసారి ముద్రణకు వచ్చింది. ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే యంత్రం అది. సాయంత్రం నాలుగుకల్లా ప్రెస్సుకు పంపాలి. మా మేనేజర్ రామ్మోహనరావు గారు పొద్దుటి నుంచి మూడుసార్లు వచ్చి వెళ్లారు.

"నాలుగంటే నాలుగేనండీ పుణ్యవతి గారూ. ఈసారి ఆలస్యమైతే తెలుగు పని బయటికిచ్చేద్దామంటున్నారండి పైవాళ్లు. మీ మంచికే చెబుతున్నాను."

ఆవిడ తలూపింది. యాభై ఒకటో ఏట ఈ ఊళ్లో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో బొరుగుల చప్పుడు ఆగిపోయింది. ఇంజినీర్ల నుంచి అంకెల పట్టీ వచ్చి ఉంది. దాన్నీ, జనవరిలో అచ్చయిన మొదటి పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. ఎంతసేపటికీ తల ఎత్తడం లేదు.

"యశూ, ఇట్లా రా."

"ఏందక్కా, ఇంకా అన్నం గూడ తినలే..."

"రా అంటాంటే."

వెళ్లి చూశాను. అచ్చయిన పుస్తకంలో పద్నాలుగో పేజీ. 'కరెంటు పోయాక ఎర్ర లైటు వెలిగితే బ్యాటరీ ఇంకా నలభై నిమిషాలు వస్తుంది. ఆలోపు సిలిండర్ తగిలించండి.' ఇంజినీర్ల పట్టీలో అదే చోట పదిహేను అని ఉంది. నలభై పాత యంత్రానిది.

ఆవిడ కంప్యూటర్లో పాత ఫైలు తెరిచింది. నలభై మీద పసుపు నిగనిగలాడుతోంది. కానీ డిసెంబరులో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ మారింది. కొత్తది ప్రెస్సుకు కాగితం తీసేటప్పుడు నలుపు తప్ప మిగతా రంగులన్నీ రాల్చేస్తుంది. జనవరిలో నేను చదివింది ఆ నలుపు అక్షరాల కాగితమే. పసుపు లేదు కాబట్టి అంకె తేలిందనుకున్నాను. ఆ కాగితం కింద నా సంతకం ఉంది, యశస్విని అని, పెద్ద వంకరతో.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇంకెవరికన్న తెలుసా అక్కా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట మబ్బు కమ్మి వాన మొదలైంది. గాలికి అద్దాలు దడదడలాడాయి. లైట్లు పోయాయి. రెండు సెకన్లలో జనరేటర్ అందుకుని మళ్లీ వెలిగాయి. మాకు అది రోజూ అలవాటే, ఎవరూ తల తిప్పరు. పుణ్యక్క మాత్రం ఆ లైట్ల వంక చూస్తూ కొయ్యబారిపోయింది.

"ఎన్ని ఇండ్లల్లో పోయిందో కరెంటు," అంది. "యా ఇంట్లో యా ముసిలాయన ఉండాడో. నలభై నిమిషాలుండాది కదా అని నింపాదిగా కూర్చోనుంటారు యశూ. నేనే చెప్పినా వాళ్లకు కూర్చోమని."

లేచి రామ్మోహనరావు గారి గదికి వెళ్లింది, చెప్పులు కూడా వేసుకోలేదు. నేనూ వెనకాలే వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆవిడ నా పేరు చెప్తుందేమోనన్న భయంతో వెళ్లాను. ఆవిడ నా పేరు ఎత్తలేదు. విన్నంతసేపూ రామ్మోహనరావు గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. తలుపు వేసుకుని పైవాళ్లతో మాట్లాడారు. పావుగంటకు బయటికి వచ్చారు.

"సరైన అంకె వేసి నాలుగుకి ప్రెస్సుకు పంపించండి. తెలుగు పుస్తకం వెళ్లిన ఇళ్లు ఎనభై ఆరు. జాబితా ఇస్తున్నాను, మీరిద్దరూ కూర్చుని ఫోన్లు చేయండి. కొత్త సూచన వచ్చిందని చెప్పండి, చాలు. తప్పు అనే మాట మాత్రం మీ నోట రాకూడదండి. ఒక్క ఇంట్లో ఆ మాటన్నా కంపెనీ మొత్తం కోర్టు మెట్లెక్కాలి. ఆ తర్వాత మిమ్మల్ని నేను కాపాడలేను."

మీటింగు గదిలో కూర్చున్నాం, చెరి నలభై మూడు. మొదటి నంబరు కలిపాను. ఖమ్మంలో ఒకాయన ఎత్తాడు. వాళ్ల నాన్న బాగానే ఉన్నాడన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండోది ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే చాలు, మనసు వద్దన్నచోటికల్లా పోయేది. సూర్యాపేటలో ఒకామె, కరెంటు ఇప్పుడే పోయిందంది. "ఎర్ర లైటు ఎలుగుతున్నదా? జర చూడమ్మా, జల్ది చూడు!" అని నేను అరిచిన అరుపుకు పక్క గదివాళ్లు తొంగి చూశారు. ఇంకా పచ్చగానే ఉందట. సిలిండర్ తగిలించేదాకా ఫోను పెట్టనివ్వలేదు.

మధ్యలో పుణ్యక్క లేచి కొత్త అంకె వేసి, గుసగుసగా నాలుగుసార్లు చదివి, నాలుగుకి ఐదు నిమిషాలుండగా పుస్తకం పంపేసింది. మళ్లీ వచ్చి ఫోను అందుకుంది. ఫ్లాస్కు మూత మళ్లీ తీయనే లేదు ఆ రోజు.

సాయంత్రం ఆరవుతుండగా నా జాబితా అయిపోయింది. ఎత్తనివాళ్లు కూడా మళ్లీ మళ్లీ చేస్తే దొరికారు. అందరూ ఉన్నారు. ఇగ బతికినం అనుకున్నాను. ఆవిడకు ఒక్కటే మిగిలింది. రాజయ్య, డెబ్బై రెండేళ్లు, కామారెడ్డి దగ్గర ఊరు. రామ్మోహనరావు గారు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆవిడ చెవులు అప్పటికే గింగిరాలెత్తి ఉన్నాయి, స్పీకర్ పెట్టింది. ఒక ఆడమనిషి ఎత్తింది.

"రాజయ్య గారి ఇల్లేనామ్మా? ఆక్సిజన్ మిషను కంపెనీ నుంచి మాట్లాడుతాండాం."

"ఆయన కోడల్ని, సీతాబాయిని. మిషను వాపస్ తీస్కపోనీకా అమ్మా? మామ లేడు. ఏప్రిల్ ఆఖర్ల గాలిదుమారం లేసిన నాడు పోయిండు."

నేను కాగితం మీద 'పెట్టెయ్' అని రాసి ఆవిడ ముందుకు తోశాను. రామ్మోహనరావు గారు కూడా వద్దు వద్దని చెయ్యి ఊపారు. పుణ్యక్క మా ఇద్దరినీ చూడలేదు.

"ఎట్లా పోయినాడమ్మా?"

"ఏం చెప్పాలె అమ్మా. కరెంటు పోయింది, జరసేపటికి మిషను మీద ఎర్ర లైటు ఎలిగింది. సిలిండరు నింపనీకి దుకాణంల ఇచ్చి ఉంటిమి. దుకాణం ఊర్లనే, పెద్ద రోడ్డు మీద. పోయి రానీకి పది నిమిషాలు. మా ఆయన బండి తీసిండు. వాన దంచి కొడుతుండె, చెట్లు కూలుతున్నయి. నేనే ఆపిన. పుస్తకం తెరిచి సదివి ఇనిపించిన, నలభై నిమిషాలున్నది, జర వాన తగ్గినంక పో అన్న. పావుగంటాగి పోయిండు. ఆయన వచ్చేసరికి మిషను బందయ్యింది, మామ పానం పోయింది."

ఆమె గొంతు తగ్గించింది.

"బ్యాటరీ నేనే సక్కగ ఛార్జింగ్ పెట్టలేదంటరు అందరు. పెట్టిననే అనుకుంటున్న. ఏమో, మరిచిపోయిన్నేమో. మా నాయిన్ను చంపినవ్ అని మా ఆయన అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. నేను వండింది గూడ తింటలేడు. అమ్మా, మీరు మిషనోళ్లు గద, ఛార్జింగ్ పెట్టిన్నా లేదా అని అందుల చూస్తే తెలుస్తదా?"

రామ్మోహనరావు గారు గోడకు ఆనుకున్నారు. పుణ్యక్క రెండు చేతులూ టేబుల్ మీద పెట్టింది. పడిపోతుందేమోనని నాకు భయమేసింది, అంతకంటే ఎక్కువ ఆవిడ నోరు తెరుస్తుందేమోనని భయమేసింది.

"ఛార్జింగ్ సరిగ్గానే పెట్టినావమ్మా. పుస్తకం సరిగ్గానే చదివినావు. అది నలభై కాదు, పదిహేను. నలభై అని రాసింది నేనే. తప్పు రాసినా. నీ తప్పు ఏమీ లేదు తల్లీ."

అటువైపు నుంచి తిట్టు వస్తుందని, శాపం వస్తుందని నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నాను.

"నిజంగనా అమ్మా?"

"నిజం."

"ఫోన్ పెట్టెయ్యకున్రి, మీకు దండం పెడ్త. మా ఆయన వాకిట్లనే ఉన్నడు, పిలుస్తున్న. గీ మాట జర ఆయనకు చెప్పున్రి."